కొన మాత్రమే వంగే కర్ర

నేను కొన్న మొదటి గేలం రాడ్ తప్పు రాడ్. అది తప్పని తెలియడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ తప్పు నా చేతిదే అనుకున్నాను.

అప్పటికి మేము అమెరికాలోని అరోరా వచ్చి ఆరేళ్ళు దాటింది. ఎనభైల మొదట్లో మాట. మా ఆయన ఒక ఫ్యాక్టరీలో మిషన్లకి విడిభాగాలు కోసే పనిలో ఉండేవాడు. మా మేనత్త కొడుకు కాబట్టి చిన్నప్పటినుంచీ బావ అనే పిలుపు. పెళ్ళయినా అది మారలేదు. ఇక్కడా బావ అనే రాస్తాను. బావ పొద్దున్నే చీకటితో వెళ్ళి సాయంత్రం వచ్చేవాడు. వచ్చాక కూడా మాటలు తక్కువ. రోజంతా మిషన్ల హోరులో ఉండి వచ్చినవాడికి ఇంట్లో నిశ్శబ్దం కావాలి. రోజంతా నిశ్శబ్దంలో ఉన్నదానికి మాట కావాలి. ఇద్దరిలో ఒకరికే కావలసింది దొరికేది.

మాకు పిల్లలు లేరు. పగలంతా ఇంట్లో ఫ్రిజ్ ఒక్కటే చప్పుడు చేసేది. అది ఆగినప్పుడు నేను లేచి కోటు వేసుకుని బయటికి వెళ్ళిపోయేదాన్ని.

ఇరవై నిమిషాలు నడిస్తే ఫాక్స్ నది. నాకు అప్పటికి ఏ భాషలోనూ చదవడం రాదు. వీధి పేర్లు, బస్సు మీది అంకెలు, అన్నీ గీతలే. నది పక్కన నడిస్తే మాత్రం దారి తప్పే పని లేదు. వెళ్ళేటప్పుడు నీళ్ళు ఎడమ చేతి వైపు, వచ్చేటప్పుడు కుడి చేతి వైపు. అలా నడిచి నడిచి ఒక చలి రోజున వెచ్చదనం కోసం లైబ్రరీలో దూరాను. అక్కడ కింది అంతస్తులో ఒక రిటైరైన టీచరమ్మ పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పుతోంది. ఫారం మీద బావ సంతకం పెట్టాడు. ముప్పై ఎనిమిదో ఏట ఏబీసీడీలు దిద్దాను. తెలుగు అక్షరాలు ఆ తర్వాత ఎప్పటికో వచ్చాయి.

మంచు కరిగాక నది ఒడ్డున చేపలు పట్టేవాళ్ళు కనిపించారు. అందులో ఒకాయన దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. ఆయన తాడుకి బెండు లేదు. మా ఊళ్ళో గేలం వేస్తే నీటి మీద తేలే బెండునే చూస్తూ కూర్చుంటాం. అది మునిగితే చేప తగిలినట్టు. ఈయన నీళ్ళ వైపే చూడటం లేదు. అవతలి ఒడ్డున చెట్ల మీదికి చూస్తూ, చేతిలో కర్రని కొంచెం ఎత్తుతాడు, దించుతాడు. ఉన్నట్టుండి మణికట్టు విసిరాడు. బంగారు గోధుమ రంగు చేప ఒకటి గాల్లోకి లేచింది. ఏం కట్టాడో దగ్గరికి వెళ్ళి చూశాను. శనగగింజంత సీసపు గుండు, దానికి కొక్కెం, కొక్కేనికి ఈకల కుచ్చు. దాన్ని జిగ్ అంటారని చెప్పాడు. అది నది అడుగున రాళ్ళ మధ్య చిన్న ఎండ్రకాయలా పాకుతుందట. చేప పట్టుకున్నది చేతికే తెలుస్తుందట.

కళ్ళతో పని లేని చేపల వేట. చదువు ఇంకా సరిగా రాని నాకు అది నాకోసమే పెట్టినట్టు అనిపించింది.

వంతెన పక్కన ఎరలూ రాడ్లూ అమ్మే కొట్టు ఒకటి ఉండేది. నడిపేది ఒక పెద్దావిడ. మగవాళ్ళ చొక్కా, చేతులు మడిచి ఉండేది. నేను గోడకి నిలబెట్టిన రాడ్లన్నీ ఒక్కొక్కటే తీసి వంచి చూశాను. మా ఊళ్ళో గేలం కర్రకి వెదురు ఎంచేటప్పుడు అలాగే చూస్తాం. మొదలు నుంచి కొన దాకా ఒకే తీరున, ధనుస్సులా వంగేది మంచి కర్ర. ఒక్కచోటే వంగేది అక్కడే విరుగుతుంది. అలా ధనుస్సులా వంగే ఫైబర్‌గ్లాస్ రాడ్ ఒకటి ఎంచుకున్నాను. పెద్దావిడ ఏదో అడిగింది. నాకు సగమే అర్థమైంది. అర్థం కానప్పుడు ఎప్పుడూ చేసే పనే చేశాను, తల ఊపాను.

ఇక మూడు వారాలు. జిగ్ అడుగుకి వెళ్ళేది, ఆ తర్వాత దాని సంగతి తెలిసేది కాదు. పక్కింట్లో మాట్లాడుకుంటున్నట్టు ఏదో జరుగుతోందని తెలిసేది, ఏమిటన్నది తెలిసేది కాదు. తిరిగి లాగితే ఉత్త కొక్కెం, లేకపోతే రాయికి పట్టుకుని తెగిపోయిన తాడు. సాయంత్రం బావ వచ్చేలోపల ఇల్లు చేరి, బేస్‌మెంట్‌లో వాటర్ హీటర్ వెనక రాడ్ దాచేదాన్ని.

దాచడం ఎందుకో చెప్పాలి. మాది చేపలు పట్టే ఇల్లు. మా నాన్న కృష్ణ కాలవలో పడవ మీద బతికినవాడు. తండ్రి లేని బావని చేరదీసి, ఆ పడవ మీదే పెంచి, డిప్లొమా దాకా చదివించాడు. అరోరాలోనూ, పక్కన నేపర్‌విల్‌లోనూ మేము కలిసే తెలుగువాళ్ళు డాక్టర్లు, ఇంజనీర్లు. ఏ ఇంటికి వెళ్ళినా భోజనాల దగ్గర ఒకే ప్రశ్న, మీదే ఊరు, మీ వాళ్ళేం చేస్తారు అని. మొదటిసారి ఎవరో అడిగినప్పుడు బావ ‘బిజినెస్’ అన్నాడు. ఇంటికొచ్చాక నాతో, ‘అడిగితే అదే చెప్పు, చాలు’ అన్నాడు. నేను అదే చెప్పేదాన్ని. ఎవరైనా భోజనానికి వస్తున్నారంటే రెండు రోజుల ముందు నుంచీ మా ఇంట్లో చేప వండేవాళ్ళం కాదు, వాసన ఉంటుందని.

నాకు ఆ రాడ్ పట్టుకుని ముందు గుమ్మంలోంచి వెళ్ళాలని ఉండేది. ఎవరైనా ఇదెవరిదని అడిగితే నాదే అనాలని ఉండేది. కోరిక అంతే. కానీ ఆ ఒక్క మాట వెనకాల మా నాన్న, పడవ, వల, అన్నీ వరసగా బయటికి వస్తాయి. అందుకని వాటర్ హీటర్ వెనక.

ఒక శనివారం వేడినీళ్ళు రాలేదు. బావ బేస్‌మెంట్‌లోకి దిగాడు. చాలాసేపు పైకి రాలేదు. నేను మెట్ల మీద నిలబడి చూస్తే, హీటర్ సంగతి వదిలేసి రాడ్ పట్టుకుని ఉన్నాడు.

“ఏమే, ఇదెక్కడిది?”

“కొన్నాను.”

“ఎవరు ఎంచారు?”

“నేనే.”

“అనుకున్నా.”

తిడతాడని చూస్తున్నాను. బావ రాడ్ కొన నేలకి ఆనించి నొక్కాడు. రాడ్ పిడి దాకా వంగింది. తాడుకి ఉన్న జిగ్‌ని వేళ్ళతో పట్టుకుని బరువు చూశాడు.

“ఇది బెండు గేలానికి పనికొచ్చే కర్ర. నువ్వు కట్టింది అడుగున ఆడేది. దానికి కొన ఒకటే వంగాలి. మిగతాది బిగిసి ఉండాలి, లేకపోతే కింద ఏం జరుగుతోందో దార్లోనే పోతుంది. మామ చెప్పలేదా?”

“మీ మామ నన్నెప్పుడైనా పడవెక్కనిచ్చాడా, చెప్పడానికి?”

అది నిజమే. ఆడపిల్లలం గట్టు మీద కూర్చుని బెండు గేలం వేసేవాళ్ళం. అడుగు గేలం పడవ మీద నుంచి వేస్తారు. పడవ మగవాళ్ళది. నా తప్పు అక్కడ పుట్టింది. గట్టు మీద నేర్చుకున్న తెలివితో పడవ పనికి కర్ర ఎంచాను.

బావ ఒక క్షణం నా వైపు చూశాడు. “ఊళ్ళో కూడా నీకు నోరు ఎక్కువే” అన్నాడు. తర్వాత హీటర్ వెలిగించాడు. మధ్యాహ్నం కారు తాళాలు తీసుకుని, “పద, మార్చుకొద్దాం” అన్నాడు.

కొట్టులో పెద్దావిడ బావని చూసి, “మీరూ పడతారా?” అని అడిగింది. “లేదు, ఈవిడే” అన్నాడు. ఆ మాట నాకు బాగుంది. ఆవిడ బల్ల మీద మూడు రాడ్లు పరిచింది. ఒకటి ఫైబర్‌గ్లాస్, రెండు గ్రాఫైట్. గ్రాఫైట్ అప్పటికి కొత్తే. పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టుంది. అందులో ఒకదాని పిడికి కొంచెం పైన చిన్న అక్షరాలు రాసి ఉన్నాయి. వేలు పెట్టి చదివాను. పొడవు ఆరడుగులు. మీడియం లైట్. ఫాస్ట్. ఆరు పౌండ్ల తాడు. జిగ్ బరువు ఔన్సులో ఇంత నుంచి ఇంత. లైబ్రరీలో కాక బయట నేను చదివిన మొదటి వాక్యాలు అవే అనుకుంటాను, వాటిని వాక్యాలు అనొచ్చో లేదో. ఫాస్ట్ అంటే ఏమిటని అడిగితే పెద్దావిడ రాడ్ కొన బల్లకి నొక్కి చూపింది. పై మూడో వంతు మాత్రమే వంగింది. బావ నా వైపు చూశాడు, చెప్పానా అన్నట్టు.

“రాసినదాన్ని బట్టే కొనకూడదు” అంది ఆవిడ. “ఒకరు పిడి పట్టుకోవాలి. ఇంకొకరు కొనని గొంతుకి ఆనించుకుని మాట్లాడాలి. మాట ఏ రాడ్‌లో చేతికి బాగా తెలుస్తుందో అది జిగ్‌కి మంచిది.” ఎవరో ఎరలకి వస్తే అటు వెళ్ళిపోతూ, “వేట మీదైతే పిడి మీరు పట్టుకోండి, ఆయన్ని మాట్లాడనివ్వండి” అంది.

బావకి ఇంతకన్నా కష్టమైన పని ఎవరూ చెప్పి ఉండరు. ఫైబర్‌గ్లాస్ రాడ్ కొన గొంతుకి ఆనించుకుని నిలబడ్డాడు. ఆరడుగుల అవతల నేను. మా మధ్య కర్ర.

“ఏదో ఒకటి అను బావా.”

“ఏమనను?”

“అన్నావుగా ఇప్పుడు. అలాంటిదే.”

ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. చేతికి ఏదో మసకగా తెలిసింది. రెండో రాడ్‌కి కూడా అంకెలే. అది నయం. మూడోది, ఫాస్ట్ అని రాసి ఉన్నది, గొంతుకి ఆనించుకున్నాక ఒకసారి ఎరల వైపు చూశాడు. పెద్దావిడ ఇటు చూడటం లేదు. అప్పుడు నెమ్మదిగా మొదలుపెట్టాడు.

“కొరమీను. జెల్ల. బొమ్మిడాయి. ఇంగిలాయి. మట్టగిడస. పరిగె. వాలుగ.”

ఈ దేశం వచ్చాక ఆ పేర్లు బావ నోట వినలేదు. ఇంట్లో ఎప్పుడన్నా చేప తెచ్చినా ‘ఫిష్’ అనేవాడు. కొరమీను అన్నప్పుడు ‘మీ’ దగ్గర నా అరచెయ్యి జిల్లుమంది. ప్రతి పేరూ వేరు వేరుగా తెలిసింది. చివర వాలుగ అన్నాక ఇంకా ఏమన్నా అంటాడేమోనని పిడి వదలకుండా అలాగే పట్టుకున్నాను. బావ కొన దించేశాడు.

“తెలిసిందా?”

“తెలిసింది. ఇదే.”

ఆ రాడ్‌తో నది నాకు వినపడటం మొదలైంది. ఇసక మీద జిగ్ జారితే మెత్తగా, ఏమీ లేనట్టుంటుంది. రాయి తగిలితే టక్కుమంటుంది. ఆలుచిప్పల మీద గరగర. నాచులో కొంచెం బరువు, సాగుతుంది. వీటిలో దేనిలాగానూ లేనిది తగిలితే అది చేప. నాలుగో రోజున తగిలింది. ఎర్ర కళ్ళు, ఒంటి మీద నిలువు చారలు, రెండు చేతులూ చాలవు. అటూ ఇటూ చూశాను. ఒడ్డున ఎవరూ లేరు. కాసేపు నీళ్ళలోనే పట్టుకుని, చూసి, వదిలేశాను.

సాయంత్రం బావతో అన్నాను. “ఇవాళ ఒకటి పడింది.”

“ఊఁ.”

“పెద్దదే.”

“మంచిది” అన్నాడు టీవీ మీద నుంచి కళ్ళు తీయకుండా. కొట్టులో వినిపించిన గొంతు మళ్ళీ ఎక్కడికో పోయింది.

కానీ రాడ్ మాత్రం ఇప్పుడు వాటర్ హీటర్ వెనక లేదు. ముందు గది తలుపు పక్కన, కోట్లు తగిలించే చోట నిలబెట్టాను. బావ వద్దనలేదు.

వేసవిలో ఒక ఆదివారం నేపర్‌విల్ డాక్టరుగారూ ఆయన భార్యా భోజనానికి వచ్చారు. చెప్పులు విడుస్తూనే ఆవిడ రాడ్ చూసింది.

“ఇదేంటండీ, ఫిషింగా? ఎవరిది?”

నేను పెరుగు గిన్నెతో వంటింటి గుమ్మంలో ఉన్నాను. నోరు తెరిచాను కూడా.

“నాదేనండీ” అన్నాడు బావ. “ఫ్యాక్టరీ వాళ్ళతో అప్పుడప్పుడూ వెళ్తుంటా.”

“భలేవారండీ, ఇన్నాళ్ళూ చెప్పనేలేదు” అన్నారు డాక్టరుగారు. “మా హాస్పిటల్లో అందరూ ఇదే గొడవ. నెక్స్ట్ సాటర్‌డే నన్ను కూడా తీసుకెళ్ళాలి.”

“ఈయన్నా? ఫ్రీజర్‌లో ఉన్న చేపని పట్టుకోమంటేనే చెయ్యి జారుతుంది ఈయనకి” అంది ఆవిడ.

అందరూ నవ్వారు. నేను పెరుగు వడ్డించాను.

వాళ్ళు వెళ్ళిపోయాక పళ్ళేలు తీస్తూ అడిగాను. “నీదా?”

“ఏమనమంటావు?”

“నాదని.”

“నీదంటే ఎక్కడ నేర్చుకుందని అడుగుతారు. నాదంటే ఇక్కడికొచ్చి నేర్చుకున్నాడు అనుకుంటారు. అమెరికా వాళ్ళ ఆట అనుకుంటారు.”

ఆ లెక్కలో తప్పేమీ కనపడలేదు. అందుకే ఎక్కువ బాధ వేసింది. పళ్ళేలు కడిగాను. ఆ రాత్రి మాట్లాడలేదు. నేను మాట్లాడకపోయినా మా ఇంట్లో తేడా తెలియదన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది.

చిక్కు ఏమిటంటే, బావకి ఆ రాడ్ వాడటం రాదు. మాకు వచ్చింది చేతి గేలం, వెదురు గేలం. చక్రం ఉన్న కర్ర ఆయన ఎన్నడూ విసరలేదు. శుక్రవారం పని నుంచి వచ్చి, బూట్లు విప్పకుండా, “నదికి వెళ్దామా?” అన్నాడు. తెల్లారితే డాక్టరుగారితో వెళ్ళాలి. నేను తలుపు పక్కనుంచి రాడ్ తీసుకున్నాను.

చక్రం మీది తీగ వంకీని ఎప్పుడు పైకెత్తాలో, తాడుని చూపుడు వేలితో ఎలా ఆపాలో, విసిరేటప్పుడు ఎప్పుడు వదలాలో చూపించాను. మొదటిసారి జిగ్ వెనకాల పొదలో పడింది. రెండోసారి ఆయన కాళ్ళ దగ్గరే.

“ఫ్యాక్టరీ వాళ్ళు ఇలాగే నేర్పారా?” అన్నాను.

“నోర్ముయ్” అన్నాడు, కానీ నవ్వుతూ.

ఐదోసారి నీళ్ళలో పడింది. అది అడుగు తాకిన క్షణంలో బావ ముఖం మారిపోయింది. ఇక నేను నేర్పాల్సింది లేదు. కళ్ళు మూసుకుని చెప్పుకుంటూ పోయాడు. “ఇక్కడ ఇసక... ఇదిగో రాయి... రాయి దిగింది... ఇక్కడ పల్లం, చేప ఉంటే ఇక్కడే ఉండాలి.” నాకు ఆ చోటు తెలుసు. నేను పట్టింది అక్కడే. అవునన్నాను. అర్ధగంట సేపు మేమిద్దరం నది అడుగు గురించి మాట్లాడుకున్నాం. ఈ దేశంలో మేము ఒకే విషయం గురించి అంతసేపు మాట్లాడుకున్నది అదే.

శనివారం పొద్దున్నే డాక్టరుగారి కారు వచ్చింది. నా రాడ్ వెనక సీటులో అడ్డంగా పెట్టుకుని వెళ్ళారు. రాడ్ లేకుండా నదికి ఎందుకని నేను ఇంట్లోనే ఉన్నాను. తలుపు పక్కన అది నిలబడే చోట కార్పెట్ మీద చిన్న గుంట పడి ఉంది. ఆ పొద్దంతా అటు చూడకుండా తిరిగాను. ఫ్రిజ్ ఆగింది, మళ్ళీ మొదలైంది.

మధ్యాహ్నానికి వచ్చారు. డాక్టరుగారు బూట్లకి బురదతోనే వంటింట్లోకి వచ్చి కుర్చీలో కూలబడ్డారు.

“మీవారు మాంత్రికుడండీ. మూడు పట్టారు. నాకు రాయి తప్ప ఏమీ పడలేదు. ఎక్కడ నేర్చుకున్నారు మహానుభావా అని గంట సేపు వేధిస్తే అప్పుడు చెప్పారు, మా మామగారు నేర్పారండీ అని. కాలవలో పడవ ఉండేదటగా మీ నాన్నగారికి? చేపలు పట్టేవారటగా?”

నేను బావ వైపు చూశాను. బావ కాఫీ కప్పులోకి చూస్తున్నాడు.

“అవునండీ” అన్నాను. “మా నాన్న చేపలు పట్టేవాడు.”

“అదీ సంగతి” అన్నారు డాక్టరుగారు, ఇంకో బిస్కెట్ తీసుకుంటూ. “అందుకే ఆ చెయ్యి.”

అంతే. ఆరేళ్ళు దాచిన మాట ఒక బిస్కెట్ తినేంతలో అయిపోయింది. ఆయన ఎవరికన్నా చెప్పారేమో, ఎవరన్నా ఏమన్నా అనుకున్నారేమో నాకు తెలియదు. మమ్మల్ని భోజనాలకి పిలవడం ఎవరూ మానలేదు.

ఆయన వెళ్ళాక బావ రాడ్ తుడిచి తలుపు పక్కన పెట్టాడు. ఏదో అంటానని చూశాడు. బావ చేసింది చిన్న పని కాదని నాకు తెలుసు. ఈ దేశంలో ఎవరి ముందూ అనని మాట అన్నాడు. మా నాన్న ఆ రోజు ఫాక్స్ నది దాకా వచ్చాడు. నేను మాత్రం ఇంట్లోనే ఉండిపోయాను. విసరడం ఎవరు నేర్పారని డాక్టరుగారు అడగలేదు. బావ చెప్పలేదు.

సోమవారం బావ పనికి వెళ్ళాక, మందుల డబ్బాలోంచి తెల్ల టేపు తీసి రాడ్ పిడి పైన, ఆ ముద్ర వేసిన అక్షరాలకి పక్కనే చుట్టాను. లైబ్రరీలో ఇచ్చిన నల్ల పెన్నుతో నా పేరు రాశాను. అప్పటిదాకా నా పేరు ఫారాల మీదే రాశాను, వాళ్ళు గీత గీసి చూపించిన చోట. గీత లేని చోట రాయడం అదే మొదలు. చివరి అక్షరం కొంచెం కిందికి జారింది. చెరిపి మళ్ళీ రాయలేదు. పేరు గదిలోకి కనపడేటట్టు నిలబెట్టాను.

మరునాడు పొద్దున చూస్తే పేరు గోడ వైపుకి తిరిగి ఉంది. ఇవతలికి తిప్పాను. ఆ సాయంత్రం మేము అన్నం తిన్నాం, బావ టీవీ చూశాడు. బుధవారం మళ్ళీ గోడ వైపు ఉంది. మళ్ళీ తిప్పాను.

గురువారం నేను తిప్పినట్టే ఉంది. ఆ తర్వాతా అలాగే ఉంది. రాడ్ తీసుకుని ముందు గుమ్మంలోంచి నదికి వెళ్ళాను. ఒడ్డున ఎవరూ లేరు.